పాత కత్తి మీద కొత్త రంగు

బీదర్ చుట్టుపక్కల పాత ఇళ్లలో కత్తులు ఇంకా ఉన్నాయి. ఒకప్పటి జాగీర్దార్ల, దేశ్‌ముఖుల, పటేళ్ల వారసుల ఇళ్లలో గోడకు వేలాడుతూనో, అటక మీది పెట్టెలో గుడ్డ చుట్టుకునో, దేవుడి గదిలో ఓ మూల ఒరిగో కనిపిస్తాయి. ఇటు జహీరాబాద్, నారాయణఖేడ్ వైపూ ఇదే తీరు. అయితే కత్తిని ఒరలోంచి తీసినప్పుడు మొదట కంటబడేది చాలాసార్లు ఉక్కు కాదు, పెయింటు. వానాకాలంలో తుప్పు పడుతోందని ఒకరు కిటికీ ఊచలకు వేయగా మిగిలిన వెండిరంగు పూస్తారు. దసరా ఆయుధపూజకు మెరవాలని ఇంకొకరు పిడికి బంగారురంగు వేస్తారు. నాటకానికి అరువిచ్చిన కత్తి నల్ల ఎనామెల్ పూసుకుని తిరిగొస్తుంది. అన్నిటికంటే అడుగున ఎర్ర ప్రైమరు, దాని మీద నలుపు, దాని మీద వెండి, ఇలా రెండు మూడు తరాల రంగులు ఒకదాని మీద ఒకటి పేరుకున్న కత్తులూ ఉంటాయి. వీటిలో దేని వెనకా చెడ్డ ఉద్దేశం లేదు. పూసినవాళ్లందరూ కత్తిని కాపాడుకోవాలనే పూశారు.

ఇప్పటి తరానికి ఆ రంగు నచ్చడం లేదు. అడుగున అసలు కత్తి ఎలా ఉందో చూడాలనిపిస్తోంది. తీయడం ఎలాగని అడిగితే నాలుగు చోట్ల నాలుగు జవాబులు వస్తాయి. సానపెట్టేవారు చక్రం చూపిస్తారు. పెయింటు కొట్లో రిమూవర్ డబ్బా చేతికిస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు చింతపండు, నిమ్మకాయ అంటారు. మ్యూజియం పరిరక్షణశాలల్లో పనిచేసేవారు పుల్లకు చుట్టిన దూది చూపించి, నెలపట్టినా పట్టనివ్వండి అంటారు. ఈ జవాబులన్నిటినీ పక్కపక్కన పెట్టి చూడటమే ఈ వ్యాసం పని. నా తీర్పు ముందే చెబుతాను: పెయింటు వల్ల కత్తికి జరిగే హాని తక్కువ, దాన్ని తొందరపడి తీయడం వల్ల జరిగేది ఎక్కువ. అడుగున ఏముందో తెలుసుకోకుండా పద్ధతి ఎంచుకోవడం దగ్గరే ఆ హాని మొదలవుతుంది.

కాబట్టి అడుగున ఏముండొచ్చో ముందు చూద్దాం. బీదర్ మామూలు ఊరు కాదు. 15వ శతాబ్దం తొలి భాగంలో అహ్మద్ షా బహమనీ రాజధానిని గుల్బర్గా నుంచి ఇక్కడికి మార్చాడు. 1469 ప్రాంతంలో ఇక్కడికి చేరిన రష్యా వర్తకుడు అఫనాసీ నికితిన్, సుల్తాను ఏనుగుల తొండాలకూ దంతాలకూ పెద్ద పెద్ద కత్తులు కట్టి ఊరేగించడం చూసి రాసిపెట్టుకున్నాడు. బహమనీల తర్వాత బరీద్‌షాహీలు, 1657లో ఔరంగజేబు సైన్యం, ఆ తర్వాత నిజాములు. 1956లో మైసూరు రాష్ట్రంలో కలిసేదాకా బీదర్ మొదట హైదరాబాద్ సంస్థానంలో, తర్వాత హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఇన్ని సైన్యాలు తిరిగిన నేలలో దొరికే కత్తి ఏ శతాబ్దానిదైనా కావచ్చు, ఎవరి చేతిదైనా కావచ్చు.

ఉక్కు మాత్రం చాలా దూరం నుంచి రానక్కర్లేదు. ఉత్తర తెలంగాణలోని కోనసముద్రం, నిర్మల్, జగిత్యాల ప్రాంతాల్లో మట్టిమూసల్లో కరిగించి ఉక్కు ముద్దలు తయారుచేసేవారు. 19వ శతాబ్దం మొదటి పాదంలో కోనసముద్రం వెళ్లిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వోయ్‌సీ, పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి ఆ ఉక్కు కొనడం గురించి రాశాడు. ఈ మూస ఉక్కులో కర్బనం సుమారు ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది. నెమ్మదిగా చల్లారి, తక్కువ వేడి మీద సాగగొట్టిన ముద్దలోంచి వచ్చిన అలుగు మీద నీటి అలల్లాంటి గీతలు తేలతాయి. దక్కను ఆయుధకారులు దాన్ని జౌహర్ అంటారు. అన్నభేది లాంటి ఇనుప లవణంతో తుడిచి ఆ గీతలను పైకి తేల్చేవారు. ఈ గీతలు ఉక్కు లోపలంతా ఉన్నా కంటికి కనిపించేది పైపొరలోని రసాయనపు రంగు తేడా వల్లే. ఉప్పుకాగితంతో రెండుసార్లు రుద్దితే చాలు, వెండిరంగుతో పాటు జౌహరూ పోతుంది. మిగిలేది కొత్తగా కొన్న వంటింటి కత్తిలా మెరిసే ఇనుము.

జౌహర్ తర్వాత చూడాల్సింది కోఫ్త్‌గిరీ. ఇనుము పైభాగాన్ని సన్నటి అడ్డగీతలతో గరుకు చేసి, దాని మీద బంగారు, వెండి తీగను సుత్తితో కొట్టి అతికించే పని ఇది. ఆ లోహం ఇనుములో కరిగి కలవదు. గరుకును పట్టుకుని మాత్రమే నిలుస్తుంది. పిడి మీద బంగారురంగు పూసిన పాత తల్వార్‌లో, ఆ చవక రంగు కింద నిజమైన బంగారపు పూలతీగ ఉండే అవకాశాన్ని ఎప్పుడూ మరవకూడదు. స్టీల్ ఊల్‌తో గట్టిగా తోమినవాడు రంగుతో పాటు బంగారాన్ని కూడా గుడ్డలోకి ఎత్తేస్తాడు.

మూడోది రాత. కత్తి ఎవరిదో చెప్పే గుర్తులు చాలా చిన్నగా ఉంటాయి. మనవైపు దీనికి మంచి ఉదాహరణ ఆదోని. 17వ శతాబ్దం చివర ఆదోని మొగలుల వశమైనప్పుడు అక్కడి ఆయుధాలు కొన్ని బికనీర్ రాజు అనూప్ సింగ్ ఆయుధాగారానికి చేరాయి. వాటి మీద సూదిమొనంత చుక్కలు వరసగా పొడిచి, నాగరి అక్షరాల్లో ఆదోని పేరు రాశారు. ఇవాళ ప్రపంచంలో ఏ మ్యూజియంలోనైనా ఒక కటారి దక్కనుదా రాజస్థాన్‌దా అన్న చర్చ వస్తే ఆ చుక్కలే సాక్ష్యం. చుక్కల లోతు ఎంతో ఉండదు. బఫింగ్ చక్రం ఒక్కసారి దాని మీదుగా పోతే ఆదోని చరిత్రలో ఒక పేజీ చెరిగిపోతుంది. బీదర్ వైపు ఇళ్లలో ఉన్న కత్తుల మీద ఎన్ని పేర్లు, ఎన్ని ముద్రలు పెయింటు కింద ఉన్నాయో ఎవరూ లెక్క తీయలేదు. ఆ లెక్క తీసేవరకైనా అవి చెరగకుండా చూడాలి.

ఇక పిడి. చాలామంది అలుగు గురించే ఆలోచిస్తారు, కానీ ఈ పనిలో ప్రాణం మీదికి వచ్చేది పిడికే. మన తల్వార్ పిడి ఇనుముదైనా లోపల బోలుగా ఉంటుంది. అలుగు తోకను ఆ బోలులో దించి, కరిగించిన లక్క గుగ్గిలాల మిశ్రమంతో బిగిస్తారు. మేకు, మర లాంటివి సాధారణంగా ఉండవు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది, వేడికి మెత్తబడుతుంది. కత్తినంతా తొట్టెలో వేసి థిన్నర్‌లో నానబెడితే పెయింటు వదిలే లోపే పిడి వదులవుతుంది. అలా వదులైన కత్తిని గాలిలో ఊపి చూడటం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. పిడి దంతంతోనో కొమ్ముతోనో చెక్కతోనో చేసినదైతే నీరు, థిన్నర్, కాస్టిక్ సోడా ఒక్కొక్కటి ఒక్కో తీరున దాన్ని పాడుచేస్తాయి. అందుకే పాత కత్తిని ఒకే వస్తువుగా కాక అలుగు ఒకటి, పిడి ఒకటి, ఒర ఒకటిగా, మూడు వేరువేరు వస్తువులుగా చూడాలి.

పిడి బిద్రీ పనిదైతే జాగ్రత్త ఇంకా పెరగాలి. బిద్రీ లోహంలో ఎక్కువ భాగం తుత్తునాగం, కొద్ది శాతం రాగి. పోతపోసి, చెక్కి, వెండి తీగ దిగగొట్టాక నవాసాగరం కలిపిన కోటమట్టితో రుద్దితే తుత్తునాగం నల్లబడుతుంది, వెండి తెల్లగా నిలుస్తుంది. ఎండ, వాన తగలని పాత గోడల కింది మట్టినే కళాకారులు తీసుకుంటారు. నాలుక మీద వేసుకుని రుచి చూసి అందులో సూరేకారం ఎంతుందో పసిగడతారు. బ్రిటిష్ మ్యూజియం శాస్త్రజ్ఞురాలు సుసాన్ లా నీస్, గ్రాహమ్ మార్టిన్ 1987లో ప్రచురించిన పరీక్షల్లో ఈ లోహం కూర్పును, నలుపు ఏర్పడే తీరును విడమరిచి చూపారు. ఆ నలుపు పూసిన రంగు కాదు, లోహం పైపొరే మారిన రూపం. పెయింటు అనుకుని దాన్ని గీకితే పనితనమే పోతుంది. బీదర్‌లో పాత నల్లటి పిడి కనిపిస్తే ఇది పెయింటా, బిద్రీ నలుపా అన్నది తేల్చుకోవడం మొదటి పని. అసిటోన్‌లో ముంచిన దూదిని ఓ మూల ఆనిస్తే పెయింటు దూదికి అంటుతుంది, పాత ఎనామెల్ అయితే ఉబ్బుతుంది; బిద్రీ నలుపు మారదు.

తీయకూడని రంగులు కూడా ఉన్నాయి. ఊరి అమ్మవార్ల గుళ్లలో పూజలందుకునే ఖడ్గాలకు నూనెలో కలిపిన సిందూరం ఏళ్ల తరబడి పూస్తారు. అది అక్కర్లేని రంగు కాదు. పూజ జరుగుతున్నంతకాలం అది ఆ ఖడ్గం ఒంటి భాగం. దాన్ని శుభ్రం చేయాలా వద్దా అన్నది గుడివాళ్లు, భక్తులు తేల్చాల్సిన మాట, కత్తులు సేకరించేవారిది కాదు. అలాగే పిడి మీద తెల్లరంగుతో చిన్న అంకెలు కనిపిస్తే అది పాత ఆయుధాగారపు లెక్క సంఖ్యో, కచేరీలో జమచేసినప్పటి గుర్తో కావచ్చు. చుట్టూ ఉన్న పెయింటు తీసినా ఆ అంకెలను ఉంచాలి, కనీసం ఫొటో తీశాకే ముట్టుకోవాలి.

పెయింటు ఎప్పటిదో తెలుసుకోవడానికి ఒక భూతద్దం చాలు. తుప్పు గుంటల లోపలికి రంగు దిగి ఉంటే తుప్పు పట్టాకే పూశారన్నమాట, అంటే అది తర్వాతి పని. రంగు నునుపైన ఉక్కు మీద నేరుగా నిలిచి, దాన్ని పగలగొట్టుకుని తుప్పు బయటికి వచ్చి ఉంటే ఆ రంగు పాతది. అసలు తయారీలో భాగమేమో ఆలోచించాలి. అతినీలలోహిత టార్చి కింద లక్క వార్నిష్ నారింజ ఛాయలో వెలుగుతుంది, చాలా కొత్త రంగులు వేరే తీరున కనిపిస్తాయి. ఈ పరీక్షలకు పెద్ద ఖర్చు లేదు, నష్టం లేదు.

ఇక పద్ధతుల దగ్గరికి వద్దాం. చక్రం, గ్రైండర్, ఇసుక చిమ్మే యంత్రం: ఈ మూడింటి గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. పాత కత్తికి ఇవి పనికిరావు. దీనికి ప్రపంచానికి తెలిసిన గుణపాఠం లండన్ టవర్‌లో ఉంది. అక్కడి ఉక్కు కవచాల్లో చాలావాటికి మొదట నలుపో నీలమో గోధుమరంగో ఉండేది. వందల ఏళ్లపాటు మెరుపు కోసం తోమిన చేతుల కింద ఆ రంగులన్నీ పోయి తెల్లటి ఇనుమే మిగిలింది. ఇవాళ వాటి అసలు రంగు ఏ కీలు సందులోనో అతుకు మూలలోనో మిగిలిన మరకలను చూసి ఊహించుకోవాల్సిందే.

వేడి గాలి తుపాకీ కూడా అంతే. అది ఐదారు వందల డిగ్రీల దాకా వేడెక్కుతుంది. గట్టిపరచిన ఉక్కు సుమారు 200 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలవుతుంది. పిడి లోపలి లక్క అంతకు చాలా ముందే కారిపోతుంది. అడుగున ఎర్ర ప్రైమరు ఉంటే సీసపు పొగ కూడా వస్తుంది.

ఆమ్లాల విషయంలో మన ఇళ్ల అలవాటే మనకు అడ్డం. చింతపండుతో ఇత్తడి బిందె తళతళలాడుతుంది కనుక కత్తి కూడా అంతే అనుకుంటాం. చింతపండులోని ఆమ్లం పెయింటును కరిగించదు. పెయింటు లేని చోట ఉక్కును తింటుంది, బిద్రీ నలుపును చెరిపేస్తుంది. నిమ్మరసం, వెనిగర్, మరుగుదొడ్లు కడిగే ఆమ్లం అన్నీ ఈ వరసలోవే. చివరిది వాడిన కత్తి గుంటల్లో క్లోరైడు మిగిలిపోయి, ఎన్నిసార్లు తుడిచినా ప్రతి వానాకాలం మళ్లీ తుప్పు పొడుచుకొస్తుంది. రంగు తీయడానికి ఆమ్లం వాడటానికి ఏ సందర్భంలోనూ కారణం లేదు.

కాస్టిక్ సోడా మీద మాత్రం నిపుణుల్లోనే భేదాభిప్రాయం ఉంది. నూనె రంగులను, ఎనామెల్‌ను అది సబ్బుగా మార్చి వదిలిస్తుంది. క్షారం ఇనుమును తినదు కూడా. అందుకని పిడి లేకుండా విడిగా దొరికిన ఇనుప అలుగుకు కొందరు దాన్ని సమర్థిస్తారు. నేను సమర్థించను. విడి అలుగు అన్నది మన ఇళ్లలో చాలా అరుదు. పిడితో ఉన్న కత్తి మీద కాస్టిక్ సోడా తోలును, దంతాన్ని, చెక్కను, లక్కను పాడుచేస్తుంది. తుత్తునాగాన్నీ అల్యూమినియాన్నీ కరిగిస్తుంది. బిద్రీ పిడికి అది నేరుగా విషమే. వెండిరంగులో ఉన్నది అల్యూమినియం పొడి కనుక దాంతో కలిస్తే హైడ్రోజన్ వాయువు నురగలా పైకొస్తుంది, వేడి పుడుతుంది. ఒక చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. ఇంత మూల్యానికి దొరికే లాభం కొన్ని గంటల సమయం మాత్రమే. విద్యుత్తుతో తుప్పు, రంగు ఊడదీసే తొట్టె పద్ధతి గురించీ ఇదే మాట. దాన్ని మేకులకూ గొళ్లేలకూ వాడుకోవచ్చు, తీగపని ఉన్న కత్తికి వద్దు.

కొట్లో దొరికే పెయింటు రిమూవర్లలో చాలాకాలంగా వాడుతున్న మందు మెథిలీన్ క్లోరైడ్. అది 40 డిగ్రీలకే మరుగుతుంది, అంటే మన ఎండాకాలంలో డబ్బా మూత తీయగానే ఆవిరై గదంతా నిండుతుంది. ఒంట్లోకి వెళ్లాక కార్బన్ మోనాక్సైడ్‌గా మారుతుంది. దీన్ని వాడుతూ మూసిన గదుల్లో మనుషులు చనిపోయారు. అమెరికా 2019లో ఇళ్లలో వాడే రిమూవర్లలో దీన్ని నిషేధించింది, 2024లో నిషేధాన్ని ఇంకా విస్తరించింది. రంగు తీయడంలో దీని శక్తి నిజమే. పరిరక్షణశాలలో గాలిని బయటికి లాగే ఏర్పాటు కింద నిపుణులు దీన్ని జెల్లీగా చేసి వాడతారు. ఇంట్లో వాడకూడదు. బెంజైల్ ఆల్కహాల్‌తో చేసిన కొత్త రకాలు దొరికిన చోట అవి మేలు. నెమ్మదిగా పనిచేస్తాయి కానీ ఊపిరి తీయవు.

మిగిలింది దూది పద్ధతి. నా దృష్టిలో ఇంట్లో ఉన్న కత్తికి ఇది ఒక్కటే తగినది, అందుకే దీని గురించి వివరంగా చెబుతాను. ముందు కత్తిని రెండు వైపులా, పిడిని నాలుగు వైపులా వెలుతురులో ఫొటోలు తీసుకోవాలి. అలుగు వాదరకు మందపాటి గుడ్డ మడిచి పట్టీ కట్టాలి. పాతదని, మొద్దుబారిందని అనుకున్న వాదరే చెయ్యి కోస్తుంది. బల్ల మీద తువ్వాలు పరిచి కత్తిని దాని మీద పడుకోబెట్టి పనిచేయాలి, చేత్తో పైకి పట్టుకుని కాదు. తుడిచే చేయి ఎప్పుడూ అలుగు వెన్ను వైపు నుంచి కదలాలి, వాదరకు ఎదురుగా రాకూడదు. బ్యూటైల్ రబ్బరు చేతితొడుగులు, కళ్లద్దాలు ఉండాలి. పని ఆరుబయటో, గాలి బాగా ఆడే వరండాలోనో చేయాలి. దగ్గరలో దీపం, అగరొత్తి, బీడీ ఉండకూడదు. అసిటోన్ ఆవిరి కొద్ది దూరంలో ఉన్న నిప్పును కూడా వెతుక్కుంటూ పోయి అంటుకుంటుంది.

తర్వాత, కనిపించని మూలలో బియ్యపు గింజంత చోట పరీక్ష. బలహీనమైన మందుతో మొదలుపెట్టి బలమైనదానికి వెళ్లాలి. సున్నపు రంగు, డిస్టెంపర్ అయితే నీటి తడికే వస్తాయి. ఆ తడిని వెంటనే ఆరబెట్టాలి. తారు, మైనం, జిడ్డు ఖనిజ టర్పెంటైన్‌కు వదులుతాయి. లక్క వార్నిష్ స్పిరిట్‌కు కరుగుతుంది. స్ప్రే డబ్బా రంగు, చవక బంగారురంగు, నైట్రోసెల్యులోజ్ లక్కర్ అసిటోన్‌కు క్షణాల్లో కరుగుతాయి. అసిటోన్ అంటే మందులకొట్లో కాని రసాయనాల కొట్లో కాని దొరికే స్వచ్ఛమైనది. గోళ్లరంగు తీసే సీసాలో నూనెలు, రంగులు, నీరు కలిపి ఉంటాయి. పాత ఎనామెల్ మాత్రం దేనికీ కరగదు, ఉబ్బుతుంది. అప్పుడు అసిటోన్‌తో తడిపిన దూదిపొరను దాని మీద వేసి, పైన ప్లాస్టిక్ రేకు కప్పి, పది పదిహేను నిమిషాలు ఆగితే మెత్తబడుతుంది. దాన్ని చెక్కిన వెదురు పుల్లతోనో, చేవ ఉన్న చెక్కముక్కతోనో ఎత్తాలి. ఉక్కు బ్లేడు వద్దు. ఇత్తడి బ్రష్ కూడా వద్దు, అది ఉక్కు మీద పసుపు చారలు వదులుతుంది. ఒకసారి వాడిన దూదిని మళ్లీ వాడకూడదు, తీసిన రంగును మళ్లీ పూసినట్టే అవుతుంది. పిడి దగ్గర మందు లోపలికి కారకుండా కత్తిని మొన కిందికి వాలేట్టు పెట్టి, అప్పుడే పిండిన దూదితో అరచేయంత చోటు కూడా కాదు, వేలిగోరంత చోటు చొప్పున పనిచేయాలి.

వెండిరంగుతో ఒక ఇబ్బంది ఉంది. అందులోని అంటు కరిగిపోయినా అల్యూమినియం పొడి తుప్పు గుంటల్లో బూడిదరంగు పొరలా మిగిలిపోతుంది. చాలామంది ఇక్కడే ఓపిక కోల్పోయి ఉప్పుకాగితం తీస్తారు. కొత్త దూదితో నాలుగైదు దఫాలు తుడిచి, గుంటల్లో మిగిలినదాన్ని పుల్లమొనతో తీయాలి. అప్పటికీ మిగిలితే అలాగే వదిలేయాలి. ఒక గుంట అడుగున ఇంత వెండిరంగు ఉండటం వల్ల కత్తికి ఏమీ కాదు.

ఎర్ర ప్రైమరు కనిపిస్తే పద్ధతి మారుతుంది. పాత నారింజ ఎరుపు ప్రైమర్లలో సీసపు సిందూరం ఉండేది. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎంకు మించకూడదన్న నియమాలు 2016లో వచ్చి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు పూసిన ఏ రంగునైనా సీసం ఉన్నదిగానే భావించాలి. అలాంటిదాన్ని పొడిగా గీకకూడదు, తడిపి మాత్రమే తీయాలి. చిన్నపిల్లలు, గర్భిణులు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. దూది, గుడ్డలు మూత ఉన్న డబ్బాలో వేయాలి. అవిసెనూనెలో తడిసిన గుడ్డలను మాత్రం కుప్పగా వదిలేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకోవచ్చు కనుక పరిచి ఆరబెట్టాకే పారేయాలి.

రంగు పోయాక అడుగున తుప్పు కనిపిస్తుంది. ముదురు గోధుమరంగులో గట్టిగా పట్టి ఉన్న పాత తుప్పు ఇక పెరగదు, దాన్ని కదపనక్కర్లేదు. వేలికి అంటే నారింజరంగు పొడి మాత్రమే కొత్త తుప్పు. పలచటి యంత్రనూనె వేసి ఒకరోజు నాననిచ్చి వెదురుపుల్లతో తీస్తే సరిపోతుంది. కరక్కాయ కషాయంలోని టానిన్ తుప్పును నల్లటి స్థిరమైన పొరగా మారుస్తుంది. తవ్వకాల్లో దొరికిన ఇనుముకు టానిక్ ఆమ్లం వాడకం ఉంది. జౌహర్ గాని తీగపని గాని ఉన్న కత్తికి దాన్ని పూస్తే ఆ నలుపును వెనక్కి తీయలేం. చివరగా అసిటోన్‌తో జిడ్డు తుడిచి, పలచగా మైక్రోక్రిస్టలైన్ మైనం రుద్దాలి. 1950లలో బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో రూపొందిన ఈ రకం మైనాన్ని ఇవాళ ప్రపంచమంతటా ఆయుధాలకు వాడుతున్నారు. అది దొరక్కపోతే కుట్టుమిషన్ నూనె పలచటి పొరగా వేసి, ఆర్నెల్లకోసారి తుడిచి మళ్లీ వేయాలి. కొబ్బరినూనె, నువ్వులనూనె ఆయుధపూజనాడు బొట్టుగా పెట్టడానికి సరే కాని, పాతబడ్డాక వాటిలోంచి వచ్చే ఆమ్లాలు లోహాన్ని తింటాయి. వానాకాలంలో కత్తిని తోలు ఒరలో ఉంచకూడదు. తోలు తేమను పట్టుకుంటుంది. ఒరను పక్కన పెట్టి, కత్తిని ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలతో పెట్టెలో దాచాలి.

అసలు వివాదం ఇక్కడ మొదలవుతుంది. రంగు తీశాక జౌహర్ మసకగా ఉంటే మళ్లీ ఇనుప లవణంతో తేల్చాలా? సేకరించేవారు తేల్చాలంటారు, పాత ఆయుధకారులు కూడా అదే చేశారు కదా అంటారు. మ్యూజియంవాళ్లు వద్దంటారు, ఇప్పుడు చేసేది కొత్త ఉపరితలమేనంటారు. రెండింటిలోనూ బలం ఉంది. జపానులో ఈ చిక్కును ఒక కట్టుబాటుతో పరిష్కరించారు: ఏళ్ల తరబడి శిక్షణ పొందిన మెరుగుకారుడు తప్ప ఇంకెవరూ పాత కత్తి ఉపరితలాన్ని ముట్టుకోరు. మన దక్కనులో ఆ పరంపర తెగిపోయింది. సానపెట్టే కుటుంబాలు ఉన్నా వాళ్ల పని ఇప్పుడు కత్తెరలు, కొడవళ్లు. అలాంటి చేతులు మళ్లీ తయారయ్యేదాకా జౌహర్‌ను తేల్చే పని ఇంట్లో చేయకూడదన్నది నా అభిప్రాయం. మసకగా ఉన్న జౌహర్‌ను రాబోయే తరంవాళ్లు తేల్చుకోగలరు, అరిగిపోయిన ఉక్కును ఎవరూ తిరిగి పెట్టలేరు.

బీదర్‌కు ఈ విషయంలో ఒక అనుకూలత ఉంది. లోహం మీద నలుపు, తెలుపు, తీగ ఎలా ప్రవర్తిస్తాయో చేతివేళ్లతో తెలిసిన బిద్రీ కళాకారులు ఈ ఊళ్లోనే ఉన్నారు. వారిలో షా రషీద్ అహ్మద్ ఖాద్రీకి 2023లో పద్మశ్రీ వచ్చింది. కోటలోని పాత రాజ స్నానశాలలో పురావస్తు ప్రదర్శనశాల ఉంది, అందులో పాత ఆయుధాలూ ఉన్నాయి. లక్నోలో 1976లో ఏర్పడిన జాతీయ పరిరక్షణ పరిశోధనశాలకు మైసూరులో ప్రాంతీయ ప్రయోగశాల ఉంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గ్యాలరీతో పాటు రసాయన పరిరక్షణశాల ఉంది. ఈ నాలుగూ ఒకచోట కూర్చుని, బీదర్ జిల్లా ఇళ్లలో ఉన్న కత్తులను ఏడాదికోసారైనా చూసి, ఏది ఎలా శుభ్రం చేయాలో చెప్పే శిబిరం పెట్టడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ఒక మాట మరవకూడదు: నూరేళ్లు దాటిన కత్తి 1972 చట్టం ప్రకారం పురావస్తువు, అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం. శుభ్రమైన కత్తికి ధర పెరుగుతుందని కొనడానికి వచ్చేవారి మాటలు వినేముందు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంట్లో పెయింటు పూసిన పాత కత్తి ఉన్నవారికి నా విన్నపం ఇది. ఈ దసరాకు దాన్ని సానచక్రం దగ్గరికి తీసుకెళ్లకండి. ఉన్న రంగుతోనే పసుపు కుంకుమలు పెట్టి పూజ చేయండి. ఫొటోలు తీసి మ్యూజియంవారికి చూపించండి. పిడి మీద తీగపని, అలుగు మీద రాత లేవని వాళ్లు చెప్పాక, కావాలంటే అసిటోన్ సీసా, దూది, వెదురుపుల్ల తీసుకుని కూర్చోండి. వాళ్లు ఉన్నాయంటే మాత్రం ఆ పని వాళ్లకే వదిలేయండి.